వెలుతురు పొద, సర్కారు తుమ్మ: అరవై సెంట్ల బీడులో మూడేళ్ళ వేరు లెక్క

ఈ డైరీ కడప జిల్లాలో కమలాపురం వైపు ఉన్న మా మెట్ట పొలంలోని అరవై సెంట్ల బీడుకు సంబంధించినది. 2022 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి వరకు కొలిచి రాసుకున్న లెక్కలనే ఇందులో ఉంచాను. ముళ్ళ పొదలు తీయించి మళ్ళీ గడ్డి పెంచాలనుకునేవారు ఇందులోని పద్ధతులను తీసుకోవచ్చు. కనీసం మొదటి ఏడాది నేను చేసిన రెండు తప్పులనైనా తప్పించుకోవచ్చు. ఒకే జేసీబీ ఒక జాతి చెట్టును దాదాపు పూర్తిగా తీసేసి, దాని పక్కనే ఉన్న మరో జాతిని ఐదు రెట్లకు పైగా పెంచింది. అలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికే మొదటి ఏడాది దాదాపు మొత్తం పట్టింది.

బీడులో ఉన్నవి ప్రధానంగా రెండు పొదలు. ఒకటి సర్కారు తుమ్మ. దీని సొంత ప్రాంతం అమెరికా ఖండపు ఉష్ణమండలం. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మద్రాసు అటవీ శాఖ దీన్ని నాటించిన తొలి చోటు మా జిల్లాలోని కమలాపురమే కావడం వల్ల, దీని మీద ఫిర్యాదు చేసే హక్కు మాకు కాస్త ఎక్కువే ఉందనిపిస్తుంది. రెండోది వెలుతురు చెట్టు. ఇది పరాయిది కాదు. సంస్కృత వైద్య గ్రంథాలు వీరతరువు అని పేర్కొన్నది దీన్నే. వేలాడే పూగుత్తిలో పైసగం లేత గులాబి రంగులోను, కింది సగం పసుపు రంగులోను ఉంటుంది కనుక గుర్తుపట్టడం తేలిక. ఆఫ్రికా సవన్నాలలో కూడా ఇది స్థానిక జాతే. అయినా నమీబియా, బోట్స్వానా, దక్షిణాఫ్రికాల పశువుల మేత భూములను కమ్మేస్తున్న పొదల్లో దీని పేరు ముందు వరుసలో ఉంటుంది. క్యూబాలో దీన్ని మరబు అంటారు. అక్కడికి బయటినుంచి వెళ్ళి సాగుభూములనే ఆక్రమించింది. పేరుకు వెలుతురే గాని, గుబురు ముదిరితే కింద గడ్డిపోచకు ఎండ తగలదు.

తొలి లెక్క: 2022 ఫిబ్రవరి

అరవై సెంట్లను ఒక్కొక్కటి దాదాపు పది సెంట్లు, అంటే 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉండే ఆరు మడులుగా విభజించి మూలల్లో ఇనుప మేకులు దిగగొట్టాను. కూల్‌డ్రింకు డబ్బాల రేకును ముక్కలుగా కత్తిరించి, మేకు మొనతో అంకెలు గీకి, ప్రతి కాండానికీ వదులుగా కట్టాను. కాగితం చీటీలు వాడవద్దు. చెదలు వాటిని నెల రోజుల్లో తినేశాయి.

వెలుతురు కాండాలు మడుల వరుసలో 41, 38, 44, 36, 40, 39, మొత్తం 238. సర్కారు తుమ్మ దుబ్బులు అదే వరుసలో 6, 9, 5, 7, 8, 7, మొత్తం 42. గట్టు మీద ఉన్న నాలుగు పెద్ద వెలుతురు చెట్లను లెక్కలో చేర్చలేదు. అవి నీడకూ మేకల మేతకూ పనికివస్తాయని వదిలేశాను. ఈ నిర్ణయం ప్రస్తావన చివర్లో మళ్ళీ వస్తుంది.

ఈ లెక్కలోనే మొదటి పొరపాటు ఉంది. 238 కాండాలంటే 238 చెట్లని నేను అనుకున్నాను.

ఒకటో దశ: నరకడం, పెకలించడం (2022 ఫిబ్రవరి నుంచి నవంబరు)

మడి 1లో ఫిబ్రవరి నెలాఖరున నలుగురు కూలీలు ఒక రోజులో అన్ని పొదలనూ గొడ్డలితో నేలమట్టానికి నరికారు. అక్టోబరులో లెక్కిస్తే 41 వెలుతురు మోడుల్లో 33 మళ్ళీ చిగిర్చాయి. వాటి మీద 98 పిలకలు ఉన్నాయి. అసలు కాండమే లేని చోట, మోడులకు దూరంగా, నేలలోంచి నేరుగా లేచినవి మరో 65. అన్నిటికంటే దూరంగా లేచిన పిలక తన సమీప మోడుకు 3.4 మీటర్ల దూరంలో ఉంది. 41 కాండాల స్థానంలో 163 పిలకలు నిలిచాయి. తుమ్మ దుబ్బులు ఆరింటికి ఆరూ మోడు నుంచే చిగిర్చాయి గాని, దూరంగా ఒక్క పిలకా లేవలేదు. ఈ తేడాను ఆనాడు పుస్తకంలో రాసుకున్నాను, అర్థం మాత్రం ఆలోచించలేదు.

మడి 2లో మార్చిలో జేసీబీతో పొదలన్నిటినీ పెకలించి, ట్రాక్టరు గొర్రుతో రెండు సాళ్ళు దున్నించాను. జూన్ మొదటి వారంలో ఒక్క పచ్చని ఆకు కూడా కనపడలేదు. ఆగస్టులో 71 వెలుతురు పిలకలు, నవంబరులో 214. తొమ్మిది తుమ్మల్లో మాత్రం ఒక్కటే తిరిగి వచ్చింది; అది కూడా బకెట్టు పంటికి అందక మొదలు విరిగి నేలలో మిగిలినది. దున్నిన నేల ఏటవాలుగా ఉండడంతో ఒక్క వానకే 12 సెంటీమీటర్ల లోతు గండి పడి పైమట్టి కోసుకుపోయింది. కదిలిన మట్టిలో తుమ్మ మొలకలు కూడా 130 దాకా వచ్చాయి. అవి గింజ మొలకలు కనుక తడి ఉండగా పీకేస్తే సరిపోయింది.

ఖర్చు:
1. కూలి: 4 పనిదినాలు, రోజుకు ₹500 చొప్పున ₹2,000.
2. జేసీబీ: 3 గంటలు, గంటకు ₹1,100 చొప్పున ₹3,300.
3. ట్రాక్టరు: ₹900.

ఇప్పటివరకు మొత్తం: ₹6,200, 4 పనిదినాలు. మడులు 1, 2 కలిపి వెలుతురు 79 కాండాల నుంచి 377 పిలకలకు పెరిగింది.

రెండో దశ: నేల కింద చూడడం (2022 నవంబరు నుంచి 2023 ఫిబ్రవరి)

మడుల బయట, గట్టు పక్కన, లెక్కలో లేని ఒక గుబురును ఎంచుకుని, నేల తడిగా ఉండగా వేరు వెంట మట్టి తీయించాను. గడ్డపారతో తవ్వితే వేరు తెగుతోంది. అందుకని పాత సైకిలు పుల్లలు, పెయింటు బ్రష్షు, చేతిపంపు నీటి ధారతో మట్టిని కడిగించాను. తవ్వినకొద్దీ వేరుకు పాత చీర పేలికలు రంగుకొకటి కట్టుకుంటూ పోయాం.

కనపడిన దృశ్యం ఇది. వెలుతురు పక్కవేర్లు నేలకు 8 నుంచి 22 సెంటీమీటర్ల లోతులోనే అడ్డంగా పరుచుకుంటాయి. మందం 9 నుంచి 18 మిల్లీమీటర్లు. ఒక వేరును 6.8 మీటర్ల దూరం వెంబడించాను. దాని మీదే వరుసగా ఏడు కాండాలు, తీగ మీద కాయల్లా, నిలబడి ఉన్నాయి. ఆ గుబురులోని 19 కాండాలు లెక్క తేల్చితే మూడే మూడు వేరు వ్యవస్థలు. నేను రేకు బిళ్ళలు కట్టిన 238 ‘చెట్లు’ నిజానికి ఎన్ని చెట్లో ఆ రోజు తర్వాత చెప్పడం మానేశాను. కాండాలని మాత్రమే రాస్తున్నాను.

కారణం ఇది. ఈ వేరు మీద ఎక్కడైనా కొత్త మొగ్గ పుట్టగలదు. పైన చిగురు బతికి ఉన్నంతకాలం ఆ చిగురు కొనల్లో తయారై కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను వేరు మొగ్గలను చాలావరకు అణిచి ఉంచుతుంది. కాండం నరికితే ఆ అదుపు ఒక్కసారిగా పోతుంది. గొర్రుతో వేరును ముక్కలు చేస్తే ప్రతి ముక్కా పైఅదుపు లేని వేరే మొక్కగా మారుతుంది. మడి 2లో నేను డబ్బిచ్చి చేయించింది నారుమడే.

సర్కారు తుమ్మ పని వేరు. దాని మొగ్గలు కాండానికీ తల్లివేరుకూ మధ్య, నేలలోకి ఒక జానెడు దిగి ఉండే బుడిపెలో ఉంటాయి. ఆ బుడిపె మొత్తంగా బయటికి వస్తే మిగిలిన వేరు కుళ్ళిపోతుంది. జేసీబీ తుమ్మ మీద గెలిచింది అందుకే.

దీన్ని నమ్మకంగా చెప్పడానికి నర్సరీ సంచుల్లో చిన్న పరీక్ష పెట్టాను.

1. 12 మిల్లీమీటర్ల మందమున్న వెలుతురు వేర్లను 5, 10, 20 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక్కో పొడవుకు 20 ముక్కలు తీసుకున్నాను.
2. పొలం మట్టిలో 5 సెంటీమీటర్ల లోతున అడ్డంగా పెట్టి, రెండు రోజులకొకసారి తడిపాను.
3. పోలిక కోసం తుమ్మ పక్కవేర్ల 20 సెంటీమీటర్ల ముక్కలు ఇరవై అదే విధంగా పెట్టాను.
4. డెబ్బై రోజుల తర్వాత లెక్క: వెలుతురు 5 సెంటీమీటర్ల ముక్కల్లో 1, 10 సెంటీమీటర్లవాటిలో 6, 20 సెంటీమీటర్లవాటిలో 13 చిగిర్చాయి. తుమ్మ ముక్కల్లో ఒక్కటీ చిగురించలేదు.

ఇదే సమయంలో మడి 2 తప్పును కొంత దిద్దుకునే అవకాశం దొరికింది. దున్నడం వల్ల ఏర్పడిన 214 పిలకలు పొడవైన వేరు మీద కాక పొట్టి ముక్కల మీద ఉన్నాయి. ఇంకా లోతుకు వేళ్ళు దింపలేదు. నవంబరు వానల తర్వాత నేల మెత్తబడినప్పుడు ముగ్గురు కూలీలు రెండు రోజులు గునపంతో కదిలించి చేతితో లాగారు. 162 పిలకలు వేరు ముక్కతో సహా వచ్చేశాయి, 52 తెగిపోయాయి. మరుసటి ఏడాది దాకా ఆగి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు. అయినా దున్నమని నేను ఎవరికీ చెప్పను, ఎందుకంటే పోయిన పైమట్టిని గునపం తిరిగి తేలేదు.

ఈ దశ ఖర్చు: పీకుడుకు 6 పనిదినాలు, తవ్వకానికి 2, కలిపి ₹4,000. సంచులకు ₹240.
ఇప్పటివరకు మొత్తం: ₹10,440, 12 పనిదినాలు.

మూడో దశ: ఎంత లోతున, ఏ నెలలో (2023 ఫిబ్రవరి నుంచి జూన్)

ముందు తుమ్మ లోతు. మడులు 3, 4లోని 12 దుబ్బులను మూడు జట్లుగా విడదీసి నాలుగింటిని నేలమట్టానికి, నాలుగింటిని 10 సెంటీమీటర్ల లోతున, నాలుగింటిని 25 నుంచి 30 సెంటీమీటర్ల లోతున నరికించాను. మొదటి జట్టులో నాలుగూ తిరిగి వచ్చాయి, రెండో జట్టులో మూడు వచ్చాయి, మూడో జట్టులో ఒక్కటీ రాలేదు. మొదలు చుట్టూ గుంత తీయడానికే సమయమంతా పోతుంది. నరకడం ఐదు నిమిషాల పని. మట్టి గొడ్డలి పదునును తినేస్తుంది కనుక లోతు కోతకు పాత గొడ్డలిని, పైకోతకు మంచిదాన్ని విడిగా ఉంచుకోవాలి. తర్వాత మడులు 1, 5లోని 14 దుబ్బులకూ ఇదే లోతు పాటిస్తే, బండ అడ్డొచ్చి లోతు అందని ఒక్కటి మాత్రమే మళ్ళీ చిగిర్చింది.

వెలుతురుకు లోతు కోత పనికిరాదు, ఎందుకంటే మొగ్గకు ఒక చోటంటూ లేదు. మిగిలిన దారి వేరులోని నిల్వను ఖాళీ చేయడం. పిలక తొలి ఆకులు వేరులో దాచిన పిండి పదార్థంతోనే పెరుగుతాయి. ఆకులు పూర్తిగా విచ్చుకుని సొంత సంపాదన మొదలయ్యాకే నిల్వ తిరిగి నిండుతుంది. కాబట్టి నిల్వ అట్టడుగున ఉన్న రోజు కోయాలి. ఆ రోజు ఎప్పుడో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. గాయాలకు పూసే పావిడోన్ అయోడిన్ చాలు. అయోడిన్ తగిలిన పిండి పదార్థం నీలి నలుపుగా మారుతుంది.

1. 12 నుంచి 15 మిల్లీమీటర్ల మందమున్న పక్కవేర్లు ఐదింటిని వేర్వేరు గుబుర్ల నుంచి తీసుకోవాలి. మొదటి నెల నేను సన్నవీ లావువీ కలిపి తీసుకుని, ఆ లెక్కను పారేయాల్సి వచ్చింది.
2. చిన్న రంపంతో అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని బ్లేడుతో నున్నగా చేయాలి.
3. ఒక వంతు మందులో రెండు వంతుల నీరు కలిపి రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగాలి.
4. నలుపు లేకపోతే 0, ముఖమంతా నల్లబడితే 4 అని అంకె వేయాలి. ఎండలో కాక నీడలో చూడాలి.

నాకు వచ్చిన సగటు అంకెలు ఇవి: ఫిబ్రవరి 3.6, ఏప్రిల్ 3.2, మే నెలాఖరు 2.0, జూన్ 15న 1.2. తర్వాత కూడా గట్టు పొదల మీద కొలత కొనసాగించాను: ఆగస్టు 1.8, అక్టోబరు 2.8, డిసెంబరు 3.6. కంటి అంచనా కనుక దశాంశాలకు పెద్ద విలువ ఇవ్వనక్కరలేదు. ఏ నెల ఎక్కువ, ఏ నెల తక్కువ అన్నదే ముఖ్యం. మడి 1ని నేను నరికించిన ఫిబ్రవరి వేరు గాదె నిండుగా ఉన్న నెల. పొలం పనులు లేక కూలీలు దొరికే నెల కూడా అదే కాబట్టి మా వైపు అందరూ అప్పుడే కంప కొట్టిస్తారు. మృగశిర కార్తె వానలకు పచ్చబడిన పొదను చూసి, ఇప్పుడెందుకులే ఎండాకాలం చూద్దామని వదిలేస్తారు. నేనూ అదే చేశాను.

ఈ దశ ఖర్చు: తుమ్మ లోతు కోతకు 3 పనిదినాలు ₹1,500, రంపం, అయోడిన్ సీసాలు ₹530.
ఇప్పటివరకు మొత్తం: ₹12,470, 15 పనిదినాలు.

నాలుగో దశ: మడికొక పద్ధతి (2023 జూన్ నుంచి డిసెంబరు)

కలుపు మందు వాడలేదు. బీడు కింద తాగునీటి బావి ఉంది, మేకలూ అక్కడే మేస్తాయి. కోతకు ముందు మడులు 3, 4, 5లో మళ్ళీ లెక్కించాను. ఒకటి రెండు కాండాల తేడా తప్ప మారలేదు. మడి 6ను పోలిక కోసం ముట్టుకోలేదు.

మడి 3: జూన్ 15న నేలమట్టానికి కోత, ఆ తర్వాత 45 రోజులకొకసారి మళ్ళీ కోత. ఈ వ్యవధి ఊహించి పెట్టింది కాదు. మొదటి కోత తర్వాత కొన్ని పిలకల వేర్లకు అయోడిన్ పరీక్ష చేస్తే 45 రోజుల దాకా అంకె పడిపోతూ, రెండు నెలలు దాటాక పెరగడం మొదలైంది. మొదట 44 కాండాలు. జూలై 30న 118 పిలకలు, సెప్టెంబరు 13న 131, అక్టోబరు 28న 94, డిసెంబరు 12న 61. సెప్టెంబరు అంకె చూసి కూలీలు నవ్వారు. నాకూ నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే ఆ 131 పిలకలు బొటనవేలి మందం నుంచి పెన్సిలు మందానికి దిగిపోయాయి. సంఖ్య కంటే ముందు మందం తగ్గుతుందని ఇక్కడే తెలిసింది. అప్పటినుంచి ప్రతి లెక్కలోనూ ఇరవై పిలకల మందం కూడా కొలుస్తున్నాను.

మడి 1: అప్పటికి 171 పిలకలు. ఇక్కడా 45 రోజుల కోతే. అదనంగా సగం మడిలో అంజన్ గడ్డి, స్టైలో అనే పప్పుజాతి మేత మొక్క గింజలు చల్లాను. స్టైలో గింజను వేడి నీటిలో కొద్ది నిమిషాలు ఉంచి ఆరబెట్టాలి, లేకపోతే గట్టి పొట్టు వల్ల మొలవదు. అంజన్ గింజ దూదిలా తేలికగా ఎగిరిపోతుంది కనుక తడిమట్టిలో కలిపి చల్లాలి. జూలైలో చల్లినది ఆ ఏడాది ఆగస్టు ఎండకు మాడిపోయింది. దేశమంతటా అంత పొడి ఆగస్టు 1901 తర్వాత లేదు. అక్టోబరులో మళ్ళీ చల్లితే నిలిచింది. డిసెంబరుకు పిలకలు 102.

మడి 4: నరకకుండా, మోకాలి ఎత్తున కాండం చుట్టూ 10 సెంటీమీటర్ల వెడల్పు బెరడు వలవడం. పైభాగం బతికి ఉండగానే వేరుకు ఆహారం అందకుండా చేయడం ఇందులోని ఆలోచన. మొదటి రోజు తొమ్మిది కాండాలకు పట్టీని 3 సెంటీమీటర్లే వలిచాం. రెండు నెలల్లో గాయం పూడి బెరడు కలిసిపోయింది. వాటిని మళ్ళీ వెడల్పుగా వలవాల్సి వచ్చింది. బెరడు కింద జిగురు పొరను కత్తితో గీకి చెక్క తెల్లగా కనపడేదాకా శుభ్రం చేయాలి. డిసెంబరుకు 36లో 14 కాండాల పైభాగం చనిపోయింది. వలిచిన చోటుకు కింద 25 కాండాల మీద చిగుళ్ళు వచ్చాయి. వాటిని చేతితో తుంచుతూ పోయాం. దూరంగా లేచిన వేరు పిలకలు 17 మాత్రమే. పైనుంచి దిగే హార్మోను కూడా బెరడుతోనే ఆగిపోతుంది కనుక పిలకలు అసలే రావన్న నా లెక్క తప్పింది గాని, నరికిన మడులతో పోలిస్తే అవి చాలా తక్కువ.

మడి 5: జూన్‌లో కోసి, కొట్టిన కంపతోనే చుట్టూ కంచె వేసి, మూడు వారాలకొకసారి పదిహేను మేకలను మూడు రోజులు ఉంచాను. వెలుతురు చిగురు మేకలకు ఇష్టమైన మేత. 40 కాండాల నుంచి సెప్టెంబరులో 87 పిలకలు, డిసెంబరులో 52. ఇక్కడ జరిగిన తప్పు మరుసటి ఏడాదే బయటపడింది.

మడి 2: మిగిలిన, కొత్తగా లేచిన 58 పిలకలను తడి నేలలో లాగడం కొనసాగింది.

ఈ దశ ఖర్చు: మడులు 1 నుంచి 5 వరకు కోత, వలుపు 23 పనిదినాలు, తుమ్మ లోతు కోత 4, కలిపి ₹13,500. గడ్డి విత్తనం ₹1,200.
ఇప్పటివరకు మొత్తం: ₹27,170, 42 పనిదినాలు.

ఐదో దశ: రెండో ఏడాది కోతలు (2024)

మడి 3 జూన్‌లో 38, ఆగస్టులో 22, అక్టోబరులో 12, డిసెంబరులో 7. మిగిలిన ఏడూ అగ్గిపుల్లంత సన్నగా ఉన్నాయి.

మడి 1 డిసెంబరుకు 26. వీటిలో 18 గడ్డి చల్లని సగంలో, 8 గడ్డి ఉన్న సగంలో ఉన్నాయి. 45 రోజుల్లో పిలక పెరిగిన సగటు ఎత్తు గడ్డి లేని చోట 37 సెంటీమీటర్లు, గడ్డిలో 22. పైపొర తడిని గడ్డి వేళ్ళు ముందుగా తాగేస్తాయి. పిలక కూడా మొదటి వారాల్లో ఆ తడి మీదే ఆధారపడుతుంది. పొద పైకి రావడానికి మొదటి కారణం కూడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. నా చిన్నతనంలో ఈ బీడులో బోద గడ్డి నడుమెత్తు ఉండేది. ఏడాది పొడవునా పశువులను విడిచి గడ్డిని మొదలంటా మేపిన తర్వాతే పొదలు గుబుర్లయ్యాయి.

మడి 4 డిసెంబరుకు 29 కాండాలు పూర్తిగా చనిపోయి, బతికి ఉన్న చిగుళ్ళు, పిలకలు కలిపి 19. నెమ్మదైన పద్ధతే గాని, మొదటి రోజు తర్వాత దీనికి పట్టిన కూలి అన్నిటికంటే తక్కువ. ఒక్కరే పని చేసుకునేవారికి నేను దీన్నే సూచిస్తాను.

మడి 5లో పిలకలు జూన్‌లో 31, డిసెంబరులో 18. అయితే ఆగస్టులో మేకలు రాత్రి పడుకున్న చోట 57 కొత్త మొక్కలు కనపడ్డాయి. మొదట వాటిని వేరు పిలకలనే అనుకుని పద్ధతి విఫలమైందని రాసుకున్నాను. వాటిలో ఒకదాన్ని పీకి చూస్తే అసలు సంగతి తెలిసింది. జనవరిలో గట్టు చెట్ల కింద రాలిన చుట్టలు చుట్టుకున్న కాయలను తిన్న మేకలను నేరుగా మడిలోకి తోలాను. గట్టి పొట్టున్న గింజలు కడుపులో చావకుండా పెంటికలతో బయటపడ్డాయి. గొర్రెల కాపరి పెద్దాయన ఒకరు ఇది విని, ‘తుమ్మ కాయ సంగతి తెలుసు గదప్పా, దీనికి మాత్రం వేరే కడుపుంటుందా?’ అన్నారు. ఇప్పుడు కాయల కాలంలో మేకలను ఆరు రోజులు దొడ్లో ఎండు మేత మీద ఉంచిన తర్వాతే మడిలోకి వదులుతున్నాను.

గింజ మొక్కనూ వేరు పిలకనూ వేరుచేసి చూడడం లెక్కకు చాలా అవసరం కనుక పద్ధతి రాస్తున్నాను.

1. వాన వెలిసిన మరునాడు మొక్క మొదలు పట్టుకుని నిటారుగా లాగాలి.
2. సన్నని తల్లివేరుతో సూటిగా బయటికి వస్తే గింజ మొక్క. దాన్ని పీకేయడంతోనే పని అయిపోతుంది.
3. లాగినా రాకుండా, పక్కలకు నేల చీలితే వేరు పిలక. మట్టి తీసి చూస్తే అడ్డవేరు మీద నిలువుగా అతికినట్టు కనిపిస్తుంది. దాన్ని లాగవద్దు, కోసి లెక్కలో రాసుకోవాలి.

57 గింజ మొక్కలనూ ఒక్క పనిదినంలో పీకించాను.

మడి 2 డిసెంబరుకు 9. ముట్టుకోని మడి 6లో వెలుతురు కాండాలు 39 నుంచి 51కి పెరిగాయి.

ఈ దశ ఖర్చు: 16 పనిదినాలు, ₹8,000.
ఇప్పటివరకు మొత్తం: ₹35,170, 58 పనిదినాలు. పని జరిగిన ఐదు మడుల్లో మొదట 199 వెలుతురు కాండాలు. 2024 డిసెంబరులో 26, 9, 7, 19, 18, కలిపి 79. నా సొంత శ్రమకు, మేకల వెంట తిరిగిన రోజులకు ఇందులో లెక్క కట్టలేదు.

ఈరోజు ఒక్క పద్ధతితోనే కొత్తగా మొదలుపెట్టాలంటే నేను తుమ్మను ఏ నెలలోనైనా 30 సెంటీమీటర్ల లోతున నరికిస్తాను. వెలుతురును జూన్ నడిమిలో కోసి రెండు వానాకాలాలు 45 రోజులకొకసారి తిరిగి కోయిస్తాను. అక్టోబరులో గడ్డి చల్లుతాను. రెండో ఏడాది కూలికి డబ్బు చేతిలో లేకపోతే మొదటి కోత కోయనే కోయను, ఎందుకంటే మధ్యలో ఆపిన మడి ముట్టుకోని మడి కంటే గుబురుగా మారుతుంది. మడి 1 మొదటి ఏడాదే అందుకు ఉదాహరణ.

2025 ఫిబ్రవరి

గట్టు అవతల చిన్నాన్న వాళ్ళ వేరుశనగ చేలో, గట్టుకు 4.1 మీటర్ల దూరంలో, రెండు వెలుతురు పిలకలు లేచాయి. ఆయన గొర్రు తోలుతుంటే వేరు తెగి పైకి వచ్చిందట. మట్టి తీసి వెంబడిస్తే ఆ వేరు నేను నీడ కోసం వదిలిన నాలుగు గట్టు చెట్లలో రెండోదాని దాకా వెళ్ళింది. చెట్టు కొడితే అన్ని వైపులా పిలకలు లేస్తాయి కనుక కొట్టడం లేదు. పక్కవేర్లు 22 సెంటీమీటర్ల లోపే ఉన్నాయి గనుక, గట్టుకు రెండు వైపులా 40 సెంటీమీటర్ల లోతు కందకం తవ్వి, తెగిన వేర్లలో చెట్టు వైపువి అలాగే వదిలి, చేల వైపువి ముక్క మిగలకుండా లాగించాలని నిర్ణయించాం. కందకం పొడవు 26 మీటర్లు. ఇద్దరికి మూడు రోజుల పని. చిన్నాన్న తన వైపు సగం కూలి తానే పెట్టుకుంటానన్నారు. తవ్వకం సోమవారం మొదలవుతుంది.